వలస పాలనలో పోలీస్ స్టేషన్ కాల్పులు, శవ పంచాయతీ, సాక్షుల వాంగ్మూలాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పోలీసు కాల్పుల జ్ఞాపకం ఇంకా మాసిపోని ఊళ్లు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. అలాంటి ఊళ్ల కుటుంబాలవారు, విశాఖపట్నంలో పరిశోధన చేసే విద్యార్థులు, తమ ప్రాంత చరిత్ర రాసుకునే ఉపాధ్యాయులు పాత విచారణ కాగితాలు చేతికి రాగానే అవే సందేహాలు అడుగుతున్నారు. ఆ ప్రశ్నలను వారి మాటల్లోనే ఉంచి ఇక్కడ సమాధానాలు కూర్చాము. ఏ ప్రశ్ననైనా విడిగా చదువుకోవచ్చు. వేరే చెప్పని చోట సెక్షన్లు 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌వి.

## మొదలుపెట్టే ముందు

శవ పంచాయతీ అంటే కోర్టు విచారణేనా?

కాదు. మనిషి అనుమానాస్పదంగా లేదా ఇతరుల చేతిలో మరణించినప్పుడు, మరణానికి పైకి కనిపిస్తున్న కారణం ఏమిటో నిర్ణయించే ప్రాథమిక విచారణే శవ పంచాయతీ. 174వ సెక్షన్ ప్రకారం స్టేషన్ అధికారి మేజిస్ట్రేటుకు కబురు పంపి, శవం ఉన్న చోటికి వెళ్లి, ఆ పరిసరాల్లోని ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది పెద్దమనుషుల ఎదుట గాయాలను వర్ణించి, అవి ఎలాంటి ఆయుధంతో అయినట్లు కనిపిస్తున్నాయో రాయాలి. మద్రాసు, బొంబాయి రాజధానుల్లో (ప్రెసిడెన్సీల్లో) ఈ పని గ్రామాధికారి కూడా చేయవచ్చునని అదే సెక్షన్ చెప్పింది. అందువల్ల మన ప్రాంతపు కాగితాల్లో గ్రామ మునసబు నివేదిక కనిపించడం వింతేమీ కాదు. నేరం ఎవరిదో తేల్చడం ఈ విచారణ పని కాదు.

ఇంగ్లీషు పుస్తకాల్లో కరోనర్, జ్యూరీ అని ఉంటుంది. విశాఖపట్నంలో కరోనర్ ఎవరు?

ఎవరూ లేరు. కరోనర్ అంటే అనుమానాస్పద మరణాలపై జ్యూరీతో కూర్చుని విచారణ జరిపే అధికారి. 1871 నాటి కరోనర్ల చట్టం ప్రెసిడెన్సీ రాజధాని నగరాల కోసం చేసినది. విశాఖపట్నం వంటి జిల్లాల్లో ఆ బాధ్యత పోలీసులది, మేజిస్ట్రేట్లది. ఇంగ్లండులోను, మరికొన్ని వలసల్లోను జరిగిన కరోనర్ విచారణల గురించి చదివి, అదే పద్ధతిని మన జిల్లా రికార్డుల్లో వెతికితే లేని జ్యూరీ తీర్పు కోసం కాలం వృథా అవుతుంది.

కాల్చింది పోలీసులే అయితే విచారణ కూడా పోలీసులే చేశారా?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. దీనికి సమాధానం చనిపోయిన మనిషి ఆ క్షణంలో ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నాడన్న దానిపై ఆధారపడి ఉంటుంది. పోలీసుల కస్టడీలో ఉండగా మరణిస్తే, సమీపంలోని అధికారంగల మేజిస్ట్రేటు మరణకారణంపై విచారణ జరిపి తీరాలని 176వ సెక్షన్ ఆదేశించింది. కస్టడీలో లేనివాడు, అంటే స్టేషన్ ముందు గుమిగూడిన జనంలో నిలబడి ఉన్నవాడు, కాల్పుల్లో మరణిస్తే మేజిస్ట్రేటు విచారణ జరపవచ్చు, జరపకపోనూ వచ్చు. ఒకే స్టేషన్‌లో, ఒకే రోజు, ఒకే తుపాకీ గుండుకు లాకప్‌లో ఒకరు, ఆవరణలో ఒకరు పడిపోయినా, మొదటివారి మరణంపై మేజిస్ట్రేటు కూర్చోక తప్పదు, రెండవవారి విషయం ఆయన ఇష్టానికి మిగిలిపోతుంది.

కాబట్టి వాంగ్మూలం చదివేటప్పుడు "అరెస్టు చేశారు", "లోపలికి తీసుకుపోయారు", "అరుగు మీద కూర్చోబెట్టారు" వంటి వాక్యాలను దాటిపోకండి. ఒక పామరుడు మామూలుగా చెప్పిన ఆ చిన్న మాటే, మరణించిన మనిషి కస్టడీలో ఉన్నాడా లేదా అన్నదానికి కొన్నిసార్లు ఏకైక సాక్ష్యం అవుతుంది. మేజిస్ట్రేటు విచారణ పోలీసు విచారణకు బదులుగానైనా జరగవచ్చు, దానికి అదనంగానైనా జరగవచ్చు. అందువల్ల ఒకే సాక్షివి రెండు వాంగ్మూలాలు ఉండే అవకాశం ఉంది.

మాది మన్యం. అక్కడ కూడా ఇదే పద్ధతి ఉండేదా?

పూర్తిగా కాదు. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. పాలనాధికారం, న్యాయాధికారం ఒకే చేతిలో ఉన్న ఆ వ్యవస్థలో, కాల్పులపై నివేదిక కోరేవాడు, సాక్షిని విచారించేవాడు ఒకే కార్యాలయానికి చెందినవారై ఉండవచ్చు. మీ ఊరు ఆనాడు మైదాన తాలూకాలో ఉందో, ఏజెన్సీలో ఉందో ముందుగా తేల్చుకోండి.

## రికార్డు వెతకడం

మా ఊరు ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. విశాఖపట్నం రికార్డుల్లో ఎందుకు చూడాలి?

జిల్లా సరిహద్దులు పలుమార్లు మారాయి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు కోరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయింది, గంజాంలో మిగిలిన తెలుగు తాలూకాలు విశాఖపట్నంలో చేరాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు 2022లో ఏర్పడ్డాయి. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో వీరగున్నమ్మ ప్రాణాలు కోల్పోయారు. ఆ ఊరు నేడు శ్రీకాకుళం జిల్లాది, ఆనాడు విశాఖపట్నం జిల్లాది. ఇందుకు ఎదురు ఉదాహరణ మథిలి. 1942 ఆగస్టు 21న లక్ష్మణ్ నాయక్ నాయకత్వంలో ఊరేగింపుగా వచ్చిన జనంపై మథిలి పోలీస్ స్టేషన్ దగ్గర కాల్పులు జరిగాయి. 1936కు ముందు ఆ ప్రాంతం విశాఖపట్నం ఏజెన్సీలోనిదే అయినా, కాల్పులు జరిగే నాటికి అది ఒరిస్సాది, కాబట్టి కాగితాలనూ అటే వెతకాలి. సంఘటన తేదీ నాటి సరిహద్దు చూడాలి గాని నేటి సరిహద్దు కాదు.

ఆ కాగితాలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి?

మద్రాసు ప్రభుత్వానికి చేరిన నివేదికలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. జ్యుడీషియల్, పబ్లిక్ శాఖల జీవోలు, "అండర్ సెక్రటరీ సేఫ్" రహస్య ఫైళ్లు అక్కడ ముందుగా చూడవలసినవి. లండన్‌కు పంపిన ప్రతులు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉండవచ్చు. దేశభాషా పత్రికలపై ప్రభుత్వం తయారు చేయించిన సారాంశ నివేదికలు కూడా చాలా విలువైనవి. కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక వంటివి ఒక కాల్పుల సంఘటనపై ఏమి రాశాయో, అసలు సంచిక దొరకకపోయినా, వాటిలో తెలిసే అవకాశం ఉంది. ఇక్కడి కార్యాలయాల్లో మిగిలిన పాత దస్త్రాలకు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనల విషయంలో ఆ చట్టంలోని మినహాయింపులు చాలావరకు వర్తించవని 8(3) సెక్షన్ చెబుతోంది.

సూచికలో మా తాతగారి పేరు కనిపించడం లేదు. ఏం చేయాలి?

మనిషి పేరుతో వెతకకండి. స్టేషన్ పేరు, తాలూకా పేరు, తేదీ పట్టుకుని వెతకండి. తెలుగు పేర్లను ఇంగ్లీషులో రాసిన గుమాస్తాలు ఒకే మనిషిని ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట తండ్రి పేరుతో, ఒకచోట కులం పేరుతో రాశారు. ఊరిపేర్లకూ ఇదే గతి పట్టింది. శ్రీకాకుళం "చికాకోల్"గా, భీమునిపట్నం "బిమ్లిపటం"గా కనిపిస్తాయి.

## వాంగ్మూలం చదవడం

సాక్షి తెలుగులో చెప్పాడు కదా, కాగితం మీద అంతా ఇంగ్లీషులో, ఏకధాటిగా ఎందుకు ఉంది?

మేజిస్ట్రేటు సాక్ష్యాన్ని కోర్టు భాషలో రాయించవచ్చు లేదా ప్రభుత్వ ఉత్తర్వు ఉన్నచోట తన స్వహస్తంతో ఇంగ్లీషులో రాసుకోవచ్చు. తెలుగు ప్రతి, ఇంగ్లీషు ప్రతి రెండూ ఉన్నచోట తెలుగుదే ముందు చదవండి. ఇంతకన్నా ముఖ్యమైన నియమం 359వ సెక్షన్‌లో ఉంది. సాక్ష్యాన్ని సాధారణంగా ప్రశ్న, జవాబుగా కాక కథనంగా రాయాలని అది చెప్పింది. అంటే "స్టేషన్ మీద రాళ్లు పడ్డాయా?" అని అడిగితే సాక్షి "పడ్డాయండి" అని తల ఊపినా, కాగితం మీద "స్టేషన్ మీద రాళ్లు పడ్డాయి" అని అతడే స్వయంగా చెప్పినట్లు నిలిచిపోతుంది. ప్రశ్న మాయమై జవాబు మాత్రమే మిగులుతుంది.

అందువల్ల ప్రతి వాక్యం ముందు దాగి ఉన్న ప్రశ్నను ఊహించి చదవడం అలవాటు చేసుకోండి. వాక్యం హఠాత్తుగా వేరే విషయంలోకి దూకినచోట, "నేను తాగి లేను", "నాకు ఆ పార్టీతో సంబంధం లేదు" వంటి నిరాకరణలు వచ్చినచోట, అక్కడ ఎవరో ఒక ప్రశ్న వేశారని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఈ ఒక్క జాగ్రత్త లేకపోవడం వల్ల పేద సాక్షుల మీద ఎన్నో అన్యాయమైన వ్యాఖ్యలు పడుతున్నాయని మా గట్టి అభిప్రాయం.

అతడు ప్రమాణం చేసి చెప్పాడా, ఊరికే చెప్పాడా?

ఎవరి ఎదుట చెప్పాడో చూడండి. పోలీసు అధికారికి చెప్పిన మాట ప్రమాణం మీద చెప్పినది కాదు. 176వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఎదుట ఇచ్చిన వాంగ్మూలం ప్రమాణం మీద ఇచ్చినది, అందులో అబద్ధమాడితే శిక్షాస్మృతి 193వ సెక్షన్ కింద శిక్ష పడవచ్చు. పోలీసు విచారణలో కూడా అడిగిన దానికి నిజమే చెప్పాలి గాని, తనను నేరంలో ఇరికించే జవాబు చెప్పనవసరం లేదని 175వ సెక్షన్ రక్షణ ఇచ్చింది. ఆ రక్షణ ఉందని సాక్షికి ఎవరైనా చెప్పారా అన్నది వేరే సంగతి.

వాంగ్మూలం కింద సంతకం, వేలిముద్ర ఏదీ లేదు. అది కల్పించిన కాగితమా?

ఆ ఒక్క కారణంతో అలా అనలేము. దర్యాప్తులో పోలీసు అధికారికి ఇచ్చిన వాంగ్మూలాన్ని రాసుకున్నా, దానిపై చెప్పినవారి చేత సంతకం చేయించకూడదని 162వ సెక్షనే నిషేధించింది. పోలీసుల ఒత్తిడితో చేసిన సంతకం తరువాత ఆ మనిషికే ఉరితాడు కాకూడదన్నది అందులోని ఉద్దేశం. సంతకం ఉంటేనే అనుమానించవలసిన సందర్భం అది.

పంచాయతీదార్లు ఐదుగురని రాసి ఉంది, సంతకాలు నాలుగే ఉన్నాయి. ఎందుకు?

పోలీసు అధికారి, ఆ పెద్దమనుషులు నివేదికపై సంతకం చేయాలని, లేదా వారిలో ఏకీభవించినంతమంది చేయాలని 174వ సెక్షన్ పదాలు. కాబట్టి లేని సంతకం ఒక అసమ్మతి కావచ్చు. అతడు మధ్యలో వెళ్లిపోయి ఉండవచ్చు కూడా. ఆ పేరుగల మనిషి తరువాత మేజిస్ట్రేటు ఎదుట సాక్షిగా వచ్చాడేమో తప్పక వెతకండి.

కాల్చమని ఎవరు ఆర్డరిచ్చారో సాక్షి చెప్పనేలేదు. భయపడ్డాడా?

భయం ఉండి ఉండవచ్చు, కాని అలా నిర్ణయించే ముందు అతడిని ఆ ప్రశ్న అడిగారా అని చూడాలి. శవ పంచాయతీ పరిధి మరణకారణం వరకే. 1975లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక హత్యకేసులో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది: ఎవరు కొట్టారు, ఏ పరిస్థితిలో కొట్టారు అన్న వివరాలు ఈ విచారణ పరిధిలోకి రావు, అవి నివేదికలో లేనంతమాత్రాన సాక్షిని అనుమానించరాదు. చెప్పకపోవడాన్ని దాచడంగా చదవకండి.

చనిపోతూ చెప్పిన మాటను ఆనాడు ఒప్పుకునేవారా?

ఒప్పుకునేవారు. 1872 నాటి సాక్ష్య చట్టం 32(1) సెక్షన్ ప్రకారం, మరణించిన వ్యక్తి తన మరణకారణం గురించి గాని, దానికి దారితీసిన సందర్భం గురించి గాని చెప్పిన మాట సాక్ష్యమవుతుంది. 1939లో, పాకాల నారాయణస్వామి నిందితుడుగా ఉన్న హత్యకేసులో, అప్పటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దీనిని విస్తరించి చెప్పింది. హతుడు పిఠాపురంలో ఇంటి నుంచి బయలుదేరుతూ తన భార్యతో తాను బరంపురం ఎందుకు వెళుతున్నాడో చెప్పిన మాట, అప్పటికి ప్రాణభయమేదీ లేకపోయినా, సాక్ష్యంగా చెల్లుతుందని ఆ తీర్పు. కాబట్టి కాల్పుల రోజు ఉదయం "స్టేషన్‌కు రమ్మన్నారు, వెళ్లొస్తాను" అని భార్యతోనో తల్లితోనో చెప్పిన మాట వాంగ్మూలాల్లో ఉంటే, దానిని ఇంటి కబురుగా కొట్టిపారేయవద్దు.

## వాంగ్మూలాలను పోల్చడం

ఇద్దరు సాక్షులు దూరం ఒకలా, సమయం ఒకలా చెప్పారు. ఒకరు అబద్ధమాడినట్లే కదా?

తొందరపడవద్దు. గడియారం లేని మనిషి సమయాన్ని పొద్దుతో చెబుతాడు, దూరాన్ని కూతవేటుగానో, రాతివేటుగానో చెబుతాడు. దానిని గంటలుగా, గజాలుగా మార్చింది విచారణాధికారి లేదా గుమాస్తా. "పొద్దు వాలింది" అన్న మాట ఒక కాగితంలో నాలుగు గంటలుగా, మరొక కాగితంలో ఐదున్నరగా మారవచ్చు. తేడా సాక్షుల మధ్య కాక, రాసినవారి మధ్య ఉండవచ్చు.

అంకెల కన్నా క్రమం నమ్మదగినది. మొదట లాఠీలా, మొదట రాళ్లా? చెదిరిపొమ్మని ఆజ్ఞ వినిపించిందా? వినిపిస్తే ఎవరి గొంతు, ఏ భాషలో? మొదటి గుండుకూ రెండవదానికీ మధ్య జనం పరుగెత్తారా, ముందుకు వచ్చారా? ఈ క్రమంలో చాలామంది ఏకీభవిస్తే, అంకెల తేడాలు పెద్దవి కావు. చట్టవిరుద్ధంగా గుమిగూడిన జనాన్ని చెదిరిపొమ్మని ఆజ్ఞాపించే అధికారం 127వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకూ, స్టేషన్ ఇన్‌చార్జి అధికారికీ ఉంది. ఆ ఆజ్ఞ ఇచ్చారా లేదా అన్నదే కాల్పుల న్యాయాన్యాయాలకు మూలం. ఒక కాగితంపై స్టేషన్ నమూనా గీసి, ప్రతి సాక్షి ఎక్కడ నిలబడ్డాడో గుర్తు పెట్టుకోండి. వెనుక గోడ దగ్గర ఉన్నవాడికి ముందు వరండాలో ఇచ్చిన ఆజ్ఞ వినిపించకపోవడం అబద్ధం కాదు.

పోలీసు సాక్షులందరూ అక్షరం తేడా లేకుండా ఒకే మాట చెప్పారు. నమ్మాలా?

సంఘటన మీద ఏకీభవించడం వేరు, వాక్యాల మీద ఏకీభవించడం వేరు. పారా కానిస్టేబుల్, రైటరు, హెడ్ కానిస్టేబుల్ వేర్వేరు చోట్ల ఉండి కూడా ఒకే వరుసలో, ఒకే పదాలతో చెబితే, ఆ పదాలు స్టేషన్ జనరల్ డైరీ నుంచో, ముందుగా పంపిన నివేదిక నుంచో వచ్చాయేమో పోల్చి చూడండి. ఇది పోలీసులకే కాదు, నాయకుడి ఇంట్లో కూర్చుని సిద్ధమై వచ్చిన గ్రామస్థులకూ వర్తించే పరీక్ష. ఖర్చయిన తూటాల లెక్కను కూడా గాయాల లెక్క పక్కన పెట్టి చూడాలి.

డాక్టరు రిపోర్టు ఎంతవరకు పనికొస్తుంది?

గుండు లోపలికి దూసుకుపోయిన గాయం వీపున ఉందా, రొమ్మున ఉందా అన్నది, జనం స్టేషన్ మీదికి వస్తున్నారా, పారిపోతున్నారా అన్న వాదనను నేరుగా తాకుతుంది. గాయం చుట్టూ కాలిన మచ్చ, నల్లదనం ఉంటే అతి సమీపం నుంచి కాల్చినట్లు. రిపోర్టే లేకపోతే మాత్రం దాచారని వెంటనే అనకండి. ఎండా దూరమూ కారణంగా దారిలోనే శవం కుళ్లి పరీక్ష నిష్ఫలమయ్యే పరిస్థితి ఉంటే డాక్టరు దగ్గరకు పంపనక్కర లేదని చట్టమే చెప్పింది. ఖననం చేసిన శవాన్ని వెలికి తీయించి పరీక్షించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది.

"పారిపోతుంటే కాల్చాం" అంటే చట్టం ఒప్పుకునేదా?

అన్ని వేళలా కాదు. మరణశిక్ష గాని, యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష గాని పడదగిన నేరం మోపబడని మనిషిని, అరెస్టు చేసే ప్రయత్నంలో చంపే హక్కు లేదని 46వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. అందువల్ల ఆ మనిషిపై ఆ క్షణానికి ఏ నేరారోపణ ఉందన్నది మొదట తేల్చాలి. 1924 మే 7న అల్లూరి సీతారామరాజు పట్టుబడిన తరువాత కొయ్యూరులో కాల్చివేతకు గురయ్యారు. తప్పించుకోబోయారన్నది ప్రభుత్వం చెప్పిన మాట, చెట్టుకు కట్టి కాల్చారన్నది జనం చెప్పిన మాట. కట్టేసిన మనిషి పారిపోవడం అసాధ్యం కాబట్టి, ఈ రెండు మాటలూ ఏకకాలంలో నిజం కాజాలవు. ఇటువంటి చోట గాయాల స్థానం, మనిషి చేతులు కట్టి ఉన్నాయా అన్న ప్రత్యక్ష సాక్షి మాట, ఈ రెండే అన్ని వ్యాఖ్యానాల కన్నా బరువైనవి.

ఇంత సాక్ష్యం ఉండి కూడా కాల్చినవారి మీద కేసు ఎందుకు పెట్టలేదు?

జనసమూహాన్ని చెదరగొట్టే పేరుతో చేసిన పనికి పోలీసు అధికారిపై గాని, మేజిస్ట్రేటుపై గాని ప్రాసిక్యూషన్ జరపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని 132వ సెక్షన్ విధించింది. అదే సమయంలో జనం వైపువారి మీద కేసుకు అలాంటి అడ్డు లేదు. మథిలిలో కాల్పులకు జనం ప్రాణాలు కోల్పోయారు, ఒక ఫారెస్టు గార్డు కూడా మరణించాడు. ఉరికంబం ఎక్కింది మాత్రం గార్డు హత్య ఆరోపణపై లక్ష్మణ్ నాయక్, 1943 మార్చి 29న, బరంపురం జైలులో. ఏ మరణం కోర్టుకు చేరిందో దాని సాక్ష్యాలే విస్తారంగా భద్రమవుతాయి. మిగిలిన మరణాలకు శవ పంచాయతీ కాగితమే చివరి ఆధారం కావచ్చు, అందుకే దానిని అంత శ్రద్ధగా చదవాలి.

## రాయడం, ఉపయోగించడం

ఊళ్లో చెప్పుకునే కథ ఒకలా ఉంది, రికార్డు ఒకలా ఉంది. ఏది రాయాలి?

రెండూ రాయండి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి. రికార్డు సంఘటన జరిగిన వారంలోపు రాసినదే కావచ్చు, కాని దానిని రాయించినవారికి ఒక ప్రయోజనం ఉంది. ఊరి కథ రెండు తరాలు దాటి వచ్చి ఉండవచ్చు, కాని కాగితం అడగని ప్రశ్నలకు జవాబు అందులో దొరకవచ్చు. రెండింటినీ కలిపి మూడవ కథ అల్లడం మాత్రం చేయవద్దు.

ఇప్పటి చట్టంలో ఏమి మారింది?

1973 నాటి కోడ్ మేజిస్ట్రేటు విచారణకు మృతుని బంధువులను వీలైనచోట పిలిచి, హాజరుకానివ్వాలని చేర్చింది. 1898 కోడ్‌లో ఆ హక్కు లేదు. 2005 సవరణతో కస్టడీ మరణాలపై జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 194, 196 సెక్షన్లు ఈ విషయాలకు వర్తిస్తున్నాయి.

సాక్షుల పేర్లు బయటపెడితే వారి వారసులకు ఇబ్బంది కాదా?

కావచ్చు. పోలీసుల పక్షాన సాక్ష్యం చెప్పినవారి కుటుంబాలు అదే ఊళ్లో, అదే వీధిలో ఉంటాయి. మరణించినవారి పేర్లు పూర్తిగా రాయండి, అది వారికి దక్కవలసిన గౌరవం. సాక్షుల విషయంలో వృత్తి, నిలబడిన చోటు చెబితే చరిత్రకు చాలావరకు సరిపోతుంది. పేరు తప్పనిసరి అనుకున్నప్పుడు ఆ కుటుంబానికి ముందుగా వాంగ్మూలం పూర్తిపాఠం చూపించి, వారు చెప్పే మాటను కూడా పక్కన చేర్చండి. వాంగ్మూలంలో ఒక్క వాక్యాన్ని విడదీసి ఉటంకించవద్దు. దాని ముందు, వెనుక వాక్యాలతో సహా, ఎవరి ఎదుట, ఏ తేదీన, ఏ భాషలో రాసినదో చెప్పి ఇవ్వండి.